ఊఁ కొట్టే మనిషి

“పోతాండు పోతాండు... ఏడు గుట్టలెక్కి, ఏడు వాగులు దాటి మల్లన్న పోతాండు!”

“ఏ బస్సుకు?”

పందిట్లో కూర్చున్న ఆడవాళ్లు గొల్లున నవ్వారు. కథ చెబుతున్న పెద్దమనిషి ఆగిపోయి పక్కవాణ్ని ఎగాదిగా చూశాడు.

“దేవునికి బస్సెందుకురా?”

“నడుస్తే మోకాళ్లు గుంజవా? నువ్వంటే మైకు ముంగట నిలవడి నడిపిస్తానవ్. నడిచేటోన్ని అడుగు, తెలుస్తది.”

డోలు మీద ఒక్క దెబ్బ పడింది. తాళం అందుకుంది. మల్లన్న మళ్లీ నడక సాగించాడు.

రాత్రి ఒంటిగంట. సిద్దిపేట జిల్లాలో, కొమురవెల్లికి ఆమడ దూరంలోని ఒక పల్లె. ఒక కురుమ ఇంటివాళ్లు మల్లన్న పండుగ చేస్తూ ఒగ్గుకథ పెట్టించారు. వాకిట్లో చాందినీ, దాని కింద బరకాలు, బరకాల మీద ఊరంతా. పిల్లలు తల్లుల ఒళ్లో పడుకున్నారు. వెనక వరసలో ముసలాయన గొంగడి కప్పుకొని గోడకు ఒరిగి కళ్లు మూసుకున్నాడు. నిద్రపోయాడనుకున్నా గానీ, బస్సు మాట దగ్గర ఆయన మీసం కదిలింది.

ఒగ్గుకథ మీద రాసేవాళ్లంతా కథకుడి గురించి రాస్తారు. న్యాయమే. ఆయన గొంతు మీదే రాత్రంతా నడుస్తుంది. నేను మాత్రం ఆయన పక్కన నిలబడి “ఏ బస్సుకు” అన్నవాడి కోసం వచ్చాను. అరవై దాటిన మనిషి. సన్నగా ఉంటాడు, నడుముకు కండువా బిగించాడు. ఊళ్లోవాళ్లు ఆయన్ని ‘వంతాయన’ అంటారు. ఆయన మీద ఆసక్తి నాకు సిద్దిపేటలో పుట్టలేదు. టోక్యోలో పుట్టింది.

కొన్నేళ్ల కింద మా అక్క కొడుకు అక్కడ ఉద్యోగం చేస్తున్నప్పుడు నెల రోజులు ఉండి వచ్చాను. గుళ్లూ తోటలూ అయిపోయాక, “మామా, నీకు కథలంటే ఇష్టం కదా, పద” అని ఉయెనోలోని సుజుమొతో ఎంగేయిజోకు తీసుకెళ్లాడు. అది యోసె. నవ్వుల కథలు చెప్పే శాల. 1857లో మొదలైందట. ఇప్పుడున్నది కొత్త కట్టడమే. పాత చెక్క కట్టడం చూడాలంటే షింజుకులోని సుయెహిరోతెయ్‌కి వెళ్లాలి. దాన్ని యుద్ధం అయిపోయిన మరుసటి ఏడు, 1946లో కట్టారు. అసలు ఈ యోసె అనేది 1798లో, టోక్యోను ఎదో అని పిలిచే రోజుల్లో, సాన్షోతెయ్ కరకు అనే ఆయన షితయ గుడి ఆవరణలో డబ్బులు తీసుకుని కథలు చెప్పడంతో మొదలైందని చెబుతారు. గుడి దగ్గర మొదలైందనగానే నాకు మనవాళ్లే అనిపించింది.

తలుపులు తెరిచేటప్పుడు లోపల పెద్ద డోలు మోగిస్తారు. ఆ దెబ్బలకు అక్కడివాళ్లు మాటలు కట్టుకున్నారు: ‘దోన్ దోన్ దోన్ తో కోయి’. గుంపులు గుంపులుగా రండి అని. ఆట ముగిశాక మోగే డోలుకు కూడా మాటలున్నాయి, ‘దెతెకె దెతెకె’. బయటికి పో, బయటికి పో అని! జపానువాళ్లంత మర్యాదస్తులు లేరంటారు గానీ, డోలుకు ఆ మర్యాదలేవీ పట్టవు.

వేదిక మీద ఏముంది? ఒక మెత్త. పక్కన పేరు రాసిన కాగితపు పలక. అంతే. కథకుడు వచ్చి మెత్త మీద మోకాళ్లు మడిచి కూర్చుంటాడు. ఒక విసనకర్ర, ఒక చేతిగుడ్డ. కథ అయ్యేదాకా లేవడు. ఈ కళ పేరు రకుగో. ఆయన వెళ్లగానే ఒక కుర్రాడొచ్చి మెత్త తిరగేసి, పలక మీద పేరు మార్చి పోతాడు. ఆ కుర్రాడు కూడా రేపటి కథకుడే. జెంజా అంటారు. టీ అందించడం, గురువు బట్టలు మడతపెట్టడం, మెత్త తిరగేయడం, అతని చదువంతా ఇదే. తర్వాత ఫుతాత్సుమె అవుతాడు. అదృష్టం ఉండి, పదేళ్లో పన్నెండేళ్లో గడిచాక షిన్‌ఉచి అనిపించుకుని, పూట చివర్లో చెప్పే అర్హత సంపాదిస్తాడు.

ఆ రోజు చెప్పిన వాటిలో ‘తొకి సోబ’ ఒకటి. మా వాడు చెవిలో తెలుగు చేసి పోశాడు. రాత్రిపూట తోపుడుబండి దగ్గర ఒకడు సోబ తింటాడు. గిన్నె బాగుంది, పులుసు బాగుంది అని తెగ పొగిడి, పదహారు నాణేలు ఒక్కొక్కటే లెక్కపెడుతూ ఇస్తాడు. “...ఆరు, ఏడు, ఎనిమిది... ఇప్పుడు గంట ఎంతయ్యా?” బండివాడు “తొమ్మిది” అంటాడు. వీడు “పది, పదకొండు...” అని కొనసాగిస్తాడు. ఒక నాణెం మిగిలింది. పక్కన నిలబడి ఇది చూసినవాడొకడు మర్నాడు తానూ ఆ పని చేయబోతాడు. కానీ తొందరపడి ముందే వస్తాడు. ఎనిమిది దాకా లెక్కపెట్టి గంటెంత అంటే, “నాలుగు” అన్నాడు బండివాడు. వీడు “ఐదు, ఆరు...” అని లెక్క సాగించాడు!

హాలంతా నవ్వుతోంది. నేనూ నవ్వాను గానీ, ఏదో వెలితి. నన్ను కథలతో పెంచింది మా నాయనమ్మ. ఊఁ కొట్టకపోతే కథ ఆపేసేది. “నిద్రవోయినవా?” అని గిచ్చేది. ఇక్కడ ఈయన అంతసేపు చెప్పాడు, ఎవడూ ఊఁ అనలేదే?

“ఊఁ కొట్టేవాడేడిరా?” అని అడిగాను.

“ఆయన మెడ చూడు మామా,” అన్నాడు మా వాడు.

అప్పుడు కనిపించింది. తల కొంచెం కుడికి తిప్పితే తినేవాడు, ఎడమకు తిప్పితే బండివాడు. అడిగేదీ ఆయనే, బదులిచ్చేదీ ఆయనే. రెండో మనిషిని మెడలో పెట్టుకుని కూర్చున్నాడు. ఇద్దరు నిలబడి మాటామాటా అనుకునే మాన్‌జై అనే ఆట కూడా యోసెలో ఉంటుంది. ఒకడు తిక్కగా మాట్లాడతాడు, రెండోవాడు వాణ్ని అదిలిస్తాడు. కానీ దాన్ని గారడీ, కాగితం కత్తిరింపుల సరసన పక్క అంశంగా చూస్తారు. కార్యక్రమ పట్టికలో కథకుల పేర్లు నల్లసిరాతో, ఈ రకం వాళ్లవి ఎర్రసిరాతో రాసే ఆచారం వల్ల వాళ్లకు ‘రంగు సరుకు’ అనే అర్థంలో ఇరొమొనొ అని పేరు.

మనం రెండో మనిషిని ఏ సిరాతో రాశాం? ఆ ప్రశ్న పట్టుకుని తిరిగొచ్చాను.

సంక్రాంతి తర్వాత వచ్చే ఆదివారంతో కొమురవెల్లి జాతర మొదలవుతుంది. ఉగాది దాకా ప్రతి ఆదివారం జనమే. మొదటి వారాన్ని పట్నంవారం అంటారు, హైదరాబాద్ యాదవులది. రెండోది లష్కర్‌వారం, సికింద్రాబాద్ వాళ్లది. గుట్ట కింద నుంచి పైదాకా పసుపు. చేతుల మీద, నుదుటి మీద, గొర్రెపిల్ల వీపు మీద బండారే. లోపల పుట్టమన్నుతో చేసిన మల్లన్న, పెద్ద పెద్ద కళ్లు, కోరమీసాలు. అటూ ఇటూ ఇద్దరు భార్యలు, బలిజ మేడలమ్మ, గొల్ల కేతమ్మ. బయట గంగిరేగు చెట్టు కింద ఒగ్గు పూజారులు పట్నాలు వేస్తున్నారు. తెల్లపిండి, పసుపు, కుంకుమ, ఆకుపచ్చ పొడి వేళ్ల సందుల్లోంచి జారుతుంటే నేల మీద గళ్లు, గళ్లలో దేవుడి పెళ్లి. శివరాత్రి నాటి పెద్దపట్నం ఇంతకు ఎన్నో రెట్లు ఉంటుంది. తొక్కేదాకానే దాని ఆయుష్షు.

ఒగ్గు అంటే శివుడి చేతిలోని ఢమరుకమని పెద్దలు చెప్పే అర్థం. పట్నం వేసేదీ, దేవుడి పెళ్లి చేసేదీ, కథ చెప్పేదీ వీళ్లే. మల్లన్న, బీరప్ప, ఎల్లమ్మ కథలు వీళ్ల ఆస్తి. పూజలో పుట్టిన ఈ కథను వేదిక మీదికి తెచ్చి, అడుగులు నేర్పి, ఊరూరా పేరు తెచ్చినవాళ్లలో హన్మాజీపేట మిద్దె రాములును, జనగామ వైపు మాణిక్యాపురం చుక్క సత్తయ్యను ముందు చెప్పుకోవాలి. 2017లో కన్నుమూసిన సత్తయ్య కేంద్ర సంగీత నాటక అకాడమీ పురస్కారం అందుకున్నారు. ఆడవేషం కట్టాలంటే ఆయనకు చీర అక్కర్లేదనేవారు చూసినవాళ్లు. భుజం మీది కండువా తల మీదికి వస్తే చాలు.

ఇక మళ్లీ రాత్రి పందిట్లోకి.

కథ మల్లన్న కేతమ్మను తెచ్చే ఘట్టానికి వచ్చింది. మేడలమ్మకు తెలిసింది. కథకుడు కండువా తలకు చుట్టుకుని మేడలమ్మ అయ్యాడు. కొంగు నడుముకు చెక్కి, వేలు చూపిస్తూ మొగుణ్ని నిలదీస్తున్నాడు. మల్లన్న తరఫున బదులిచ్చేది ఎవరు? వంతాయనే. అప్పటిదాకా దేవుణ్ని ఎగతాళి చేసినవాడు చటుక్కున దేవుడై, తలొంచుకుని నేల గీరుతూ, “జెర మెల్లగ అనవే, పక్కింటోళ్లు ఇంటరు” అన్నాడు. ఈసారి మగవాళ్ల వరసలో నవ్వు ఎక్కువ. వెనక గొంగడి ముసలాయన కళ్లు తెరిచాడు.

వంతాయన చేస్తున్నది వేళాకోళం మాత్రమేనా అని గంటసేపు కనిపెట్టి చూశాను. కాదు. కథకుడి గొంతు పైస్థాయికి వెళ్లి బొంగురుపోబోతున్నప్పుడే ఈయనకు సందేహం వస్తుంది. ఆ సందేహం తీరేలోపు గొంతు ఊపిరి తీసుకుంటుంది. పాటలో చెప్పింది వెనక వరసకు అర్థం కాలేదనిపిస్తే, ఈయన తెలివిలేనివాడిలా “ఎవలు? ఎవల బిడ్డ?” అని అడుగుతాడు. కథకుడు విసుక్కుంటూ మామూలు మాటల్లో మళ్లీ చెబుతాడు. విసుగు ఉత్తదే. పందిరికంతా చుట్టరికం తేటపడుతుంది. మధ్యలో ఎవరో ఐదు వందల కట్నం చదివించారు. “అయిదు నూర్లు ఇచ్చిన పటేలు సల్లగుండాలె” అని కథకుడు దీవిస్తుంటే, ఈయన నోటును దీపానికి అడ్డంపెట్టి అసలుదో నకిలీదో చూశాడు.

ఆ ఊఁ కూడా ఒక్క రకం కాదు. తల ఊపినట్టుండే పొట్టి ఊఁ ఒకటి. “ఊఁ?” అని సాగదీసి నమ్మకం లేదన్నట్టు అనేది ఇంకొకటి. చివరి మాటను పట్టుకుని తాళంలో తిప్పి పాడేది మరొకటి. తెల్లవారుజామున కథలో దుఃఖం వచ్చింది. అప్పుడు వంతాయన ఒక్క మాట అడ్డం వేయలేదు. చేతులు కట్టుకుని, లోగొంతుకతో “ఊఁ... ఊఁ...” అంటూ నిలబడ్డాడు. ముందు వరసలో ఒకామె కొంగుతో కళ్లొత్తుకుంది. రాత్రంతా నవ్వించినవాడు మూగబోతే ఏడుపు రావడానికి కథకుడు పెద్దగా కష్టపడనక్కర్లేదు.

ఇక్కడో మాట. పత్రికల్లో మేం రోజూ రాస్తుంటాం, ఫలానా నాయకుడు ఫలానా నాయకుడికి ‘వంత పాడుతున్నాడు’ అని. సొంత బుద్ధి లేకుండా తానతందానా అంటున్నాడని దాని అర్థం. ఈ వాడుక పుట్టించినవాడెవడో గాని ఒక రాత్రి కూర్చుని ఒగ్గుకథ విన్నట్టు లేదు. మల్లన్నంతటివాడిని పట్టుకుని ఏ బస్సుకు పోతున్నావని అడిగేవాడు వంతగాడు. నిజంగా ఎవరికైనా వంత పాడేవాళ్లు మన అసెంబ్లీలో ఉంటే ఎంత బాగుండును!

రెండో మనిషి మనకు ఎర్రసిరా సరుకు కాదని బుర్రకథ కూడా చెబుతుంది. కథకుడికి కుడిపక్కన రాజకీయం, ఎడమపక్కన హాస్యం. ఆ చోట్లకే ఆ పేర్లు స్థిరపడ్డాయి. గొల్లసుద్దుల్లో ముగ్గురూ మాటల మీద మాటలు వేసుకునేవాళ్లే. తెలంగాణ సాయుధ పోరాటంలో సుద్దాల హనుమంతు ఆ గొల్లసుద్దుల్నే ఆయుధం చేసుకున్నాడు. చిందు బాగోతంలో రాజుల కొలువులోకి బుడ్డర్‌ఖాన్ చొరబడతాడు. చిత్రమేమిటంటే నవ్వంటే సర్కారుకు భయం జపానులోనూ ఉండేది. 1941లో, యుద్ధకాలంలో, దేశానికి తగవని 53 రకుగో కథల్ని కథకులే పక్కనపెట్టి, అసకుసలోని హోంపోజి గుడిలో వాటికి సమాధి కట్టారు. యుద్ధం ముగిశాకే అవి మళ్లీ నోటికొచ్చాయి.

మరి రకుగోలా ఒంటరిగా నవ్వించేవాడు మనకు లేడా? ఉన్నాడు. తుపాకి రాముడు. కొందరు పిట్టల దొర అంటారు, కొందరు లత్కోర్ సాబ్. ఖాకీ లాగు, టోపీ, భుజాన కట్టె తుపాకి, ముఖాన ఎక్కడా దొరకని దర్జా. ఉర్దూ, తెలుగు, ఇంగ్లీషు కలిపి దంచుతాడు. గొప్పలు చెప్పుకునేవాడిని “తుపాకి రాముడు” అనడం తెలంగాణలో సామెత అయిపోయింది. ఉద్యమకాలంలో ధూంధాం వేదికల మీద ఈ వేషానికి కొత్త ఊపిరి వచ్చింది. సిద్దిపేట బజారులో చాన్నాళ్ల కింద ఒక తుపాకి రాముణ్ని చూశాను. కోమటిచెరువు నీళ్లన్నీ వాళ్లింట్లో ఒక్క చెంబులో పట్టాయట. చెంబు చూపించమంటే, అది కడగను చెరువుకే తీసుకుపోయిండ్రు అన్నాడు.

ఆయనకు విసనకర్ర లేదు, మెత్త లేదు. మెడ తిప్పడం కూడా లేదు. బజార్లోకి దిగగానే ఒక మనిషిని ఏరుకుంటాడు. ఆ రోజు కిరాణా కొట్టు షావుకారి మీద పడ్డాడు. “సేటూ, నీకు చార్మినార్ రాసిస్తున్న. పొద్దుగాల్ల బండి కట్టుకొనొచ్చి తోలుకపో.” షావుకారు సిగ్గుపడి, “ఊఁ... ఎక్కడ వెట్టుకోవాలె?” అన్నాడు. అంతే, ఊఁ దొరికింది. అరగంటసేపు ఆ షావుకారే వంతగాడు. అక్కడ మెడలో, ఇక్కడ బజార్లో. ఊఁ లేకుండా ఒంటరివాడికీ సాగదు.

ఒగ్గుకథ విన్న మర్నాడు చేర్యాలకు వెళ్లాను. 2016లో జిల్లాలు విడిపోయినప్పుడు సిద్దిపేటలోకి వచ్చిన ఊరు. నకాషీ పటాలకు ఊరు పేరే పేరైంది. ఖద్దరుబట్టకు చింతగింజల అంబలి, సుద్ద, జిగురు పట్టించి, ఎర్రటి నేల మీద బొమ్మలు దింపుతారు. పాతకాలపు పటాలు బారలకొద్దీ పొడవుండేవి. వాటిని గీసేది నకాషీలు, పట్టుకుని ఊరూరా తిరిగేది వేరేవాళ్లు. ముదిరాజులకు కాకిపడగలవాళ్లు, పద్మశాలీలకు కూనపులివాళ్లు, మాదిగలకు జాంబపురాణం చెప్పే డక్కలివాళ్లు. ఏ ఊళ్లు ఎవరివో మిరాశీ ఉండేది, ఒకరి ఊళ్లో మరొకరు పటం విప్పకూడదు. విప్పినవాడు పుల్లతో బొమ్మ చూపిస్తే పక్కవాడు పాట అందుకునేవాడు. పటం శిథిలమైతే మనిషికి చేసినట్టే కర్మ చేసి నీళ్లలో కలిపేవారు.

ఇప్పుడు అమ్ముడుపోయేవి ఎక్కువగా జానెడు, బారెడు చట్రాలు, కొబ్బరిచిప్ప మీది ముఖాలు. బొమ్మల్లో తేడా లేదు, అదే ఎరుపు, అవే కళ్లు. హైదరాబాద్ ఫ్లాట్లలో సోఫా వెనక గోడ మీద తాటిచెట్టెక్కే గౌడు చక్కగా వేలాడుతుంటాడు. పుల్ల పెట్టి చూపించేవాడు లేడు, ఎవల బిడ్డ అని అడిగేవాడు అసలే లేడు. ఒక చట్రం నేనూ కొన్నాను, కాబట్టి ఈ విషయంలో పెద్దగా నోరు చేసుకోలేను.

డబ్బు సంగతి. యోసెలో టికెట్ల మీద వచ్చింది పంచుకుంటారు, దాన్ని ‘వారి’ అంటారు. పెద్ద పేరున్న కథకుడికీ ఆ వాటా చిల్లరలాగే ఉంటుందట. బతుకు బయటి సభల మీద, టీవీ మీద. ‘షోతెన్’ అనే రకుగో కథకుల కార్యక్రమం 1966 నుంచి ఆదివారం సాయంత్రాల్లో వస్తోంది. బాగా నవ్వించినవాడికి బహుమానం కింద మెత్త మీద మెత్త వేస్తారు. మనకు పైనా కప్పులేదు, కింద మెత్తా లేదు. పండుగకు బయానా ఇచ్చి పిలిస్తే వెళ్లడమే. కట్నాలు కలుపుకుని మేళమంతా పంచుకుంటుంది. కథకుడి వాటా కంటే వంత వాటా తక్కువ. వానాకాలం పొలం, గొర్లు. తెలంగాణ వచ్చాక సాంస్కృతిక సారథి పెట్టి కొందరు కళాకారులకు నెల జీతం ఇచ్చారు. కుర్రవాళ్లు ఒగ్గుడోలు విన్యాసాల వైపు వెళ్తున్నారు. ఊరేగింపుల్లో, సభల్లో పది నిమిషాల్లో అయిపోతుంది, కంటికి నిండుగా ఉంటుంది. దాంట్లో మాట లేదు, కాబట్టి వంత అవసరమూ లేదు. రెండో మనిషి టీవీలోకి మాత్రం వెళ్లాడు. తీన్మార్ వార్తల్లో సావిత్రక్క చెబుతుంటే బిత్తిరి సత్తి అడ్డం తిరిగినప్పుడు ఇల్లిల్లూ నవ్విందంటే, ఆ కొలత ఎక్కడిదో వాకిట్లో ఒగ్గుకథ విన్నవాళ్లకు చెప్పనక్కర్లేదు.

పందిట్లో కథ అయిపోయేసరికి కోడి కూసింది. మంగళహారతి పట్టారు. గొంగడి ముసలాయన లేచి, వంతాయన దగ్గరికి వచ్చి, “బస్సు సంగతి మా నాయిన కాలంల ఎడ్లబండి ఉండెరా” అని చెప్పి పోయాడు. అంటే మాట మారుతుంది, చోటు అదే.

వంతాయనతో కలిసి పల్లెవెలుగు బస్సెక్కాను. ఆయన డోలు ఒళ్లో పెట్టుకుని కిటికీ పక్కన కూర్చున్నాడు.

“తాతా, నువ్వెప్పుడన్న ముంగట నిలవడి కథ చెప్పినవా?”

“ఒక్కపారి. ఆయనకు జొరమొస్తె.”

“ఎట్లయింది?”

“గంటకే ఆపిన సారూ. పక్కన ఎవ్వడు అడుగకపాయె.”

బస్సు కమాను దాటింది. రాత్రి నిద్ర లేక ఆయన తల డోలు మీదికి వాలిపోయింది. నాకు మాత్రం మాటలు ఆగలేదు. టోక్యోలో చూసిన మెత్త గురించి, మెడ తిప్పే కథకుడి గురించి, పదహారు నాణేల లెక్క గురించి చెప్పుకుంటూ పోయాను. సోబ తిన్నవాడు ఎనిమిది దగ్గర ఆగి గంట అడిగాడని చెప్పేసరికి పక్కనుంచి గురక వినిపించింది. ఆపేశాను.

“ఊఁ?” అన్నాడు వంతాయన, కళ్లు తెరవకుండానే.